లీటరుకి ఎంత

మల్కాపురంలో మా మేడ మీంచి చూస్తే
రిఫైనరీ మంట తెల్లారేదాకా ఊరికే మండుతూ ఉంటుంది.
ఆ వెలుగులోనే బోనెట్ ఎత్తి
నేను చెంచాల లెక్కన పెట్రోలు దాచుకుంటున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గోడ లోపల
గాజు గొట్టంలో సాంద్రత చూసి సంతకం పెట్టాను.
ఒక్క చుక్కా నాది కాదు.
ఇప్పుడు నాదైన ప్రతి చుక్కా
ఈ కాంటెస్సా తాగేస్తోంది.

ఎనభై ఎనిమిది మోడలు, డాక్‌యార్డు వేలంలో కొన్నాను.
మలుపు తిరిగితే పడవే.
ముక్కు వచ్చిన చాలాసేపటికి తోక వస్తుంది.
లీటరుకి తొమ్మిది పాయింట్ రెండు.
"ఏనుగుని కొని అరటిపళ్ళు లెక్కెడతావేటి బాబూ"
అన్నాడు ఆటోనగర్ ఎల్లాజీ,
అంటూనే చొక్కా చేతులు మడిచాడు.

మొదట బ్రేకులు.
వెనక చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పితే
ఒకటిన్నర చుట్టుకే ఆగిపోయింది.
ఇన్నేళ్ళూ తన కాలు తనే పట్టుకుని నడిచిందన్నమాట.
సరిచేశాక పదకొండు చుట్లు.
ఎల్లాజీ కూతురు గౌరీశ్వరి, ఏడో క్లాసు గుంట,
పైకి వినపడేలా లెక్కపెట్టింది.

కార్బురేటర్‌కి ఒక అంకె చిన్న జెట్టు.
టైర్లలో గాలి, ఎల్లాజీ ఇక చాలని తిట్టేదాకా.
గ్రిల్లు వెనక సగానికి అడ్డంగా పాత ఎన్నికల ఫ్లెక్సీ.
ఎవరిదో నవ్వు, జోడించిన చేతులు,
రేడియేటర్‌నే ఓటడుగుతూ.
చక్రాల మూతలకి
పూర్ణా మార్కెట్లో నాలుగు స్టీలు పళ్ళేలు.
ఒకటి ఎన్ఏడీ దగ్గర ఊడి లారీల మధ్య దొర్లుకుంటూ పోతే
కొబ్బరిబోండాలాయన తెచ్చిచ్చాడు,
"భోజనానికి పిలుస్తారనుకున్నాను" అంటూ.

తర్వాత బరువు.
పైన క్యారియరు, డిక్కీలో తుప్పు గొలుసు, రెండు స్పీకర్లు,
ఎవరి కాలానివో తెలియని రబ్బరు పట్టలు.
వెనక సీటు విప్పబోతుంటే గుమ్మంలోంచి నూకరత్నం:
"నన్నూ దింపేస్తే ఇంకో పాయింటు వస్తాదేమో చూడండి."
సీటు ఉండిపోయింది.

ఆదివారాలు, నాలుగున్నరకి.
అదే బంకు, అదే పంపు,
నాజిల్ టక్కుమనగానే చెయ్యి తీసేసే అదే కుర్రాడు.
భీమిలి దాకా పోయి రావడం.
పోయేటప్పుడు గాలి వీపు తడుతుంది,
వచ్చేటప్పుడు ఆ అప్పు వడ్డీతో లాక్కుంటుంది.
అందుకే నోటుబుక్కులో గాలికో గడి గీశాను.

ఒక్కసారి మాత్రం
సింహాచలం ఘాట్ దిగుతూ ఇంజను ఆపేశాను.
అబ్బ, ఎంత నిశ్శబ్దం.
టైర్ల కింద ఎండుటాకులు, పండిన పనస వాసన.
మూడో మలుపులో బ్రేకు కాలికింద రాయైపోయింది.
హ్యాండ్‌బ్రేకు లాగి, కొండవైపు మట్టికి రాసుకుంటూ ఆగాను.
'రెండు కిలోమీటర్లు, సున్నా పెట్రోలు' అని రాసి
కొట్టేశాను.
ఎల్లాజీకి చెబితే స్పానరు కింద పెట్టి
ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు పన్నెండు పాయింట్ ఆరు.
పాల పద్దు పుస్తకం చివరి పేజీలో
నూకరత్నం నా పిచ్చంతా కూడి పెట్టింది.
ఇరవై మూడు వేల నాలుగు వందలు.
"నెలకి ఆరొందల ముప్పై మిగులు.
మూడేళ్ళ పైన ఒక నెలకి అసలు వస్తాది.
అప్పటికి దీనికి నలభై దాటుతాయి."
"మనకో?" అన్నాను.
ఆ లెక్క వెయ్యలేదు. పెన్ను మూత పెట్టి,
"ఈ ఆదివారం నేనూ వస్తాను, గాలి గడి నేను రాస్తాను" అంది.

ఋషికొండ దాటాక అద్దం దించమంది.
అద్దం దించితే గాలి లోపలికొచ్చి కారుని పట్టి ఆపుతుంది,
ఆ సంగతి నాకు తెలుసు.
దించాను.

పన్నెండు పాయింట్ మూడు.
ఎల్లాజీ జెట్టు విప్పి ఊదాడు, ప్లగ్గులు తుడిచాడు,
ఆ మూడు ఎక్కడ కారిపోయిందో తెలీక తల గోక్కున్నాడు.
నేనేం చెప్పలేదు.